వెలగని ఎర్రబుగ్గ

12 సెప్టెంబర్ 1988, సోమవారం. మంథని

ఎరువుల దుకాణం వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ. ఇన్ని నెలలూ దీని అట్టమీద టీ గ్లాసు పెట్టుకున్నాను. ఇవాళ తెరిచాను. ఎవరిమీదా తీర్చుకోలేని కోపం వస్తే కాగితం మీద తీర్చుకోవడం మంచిది. కాగితం ఎదురు మాట్లాడదు.

పోస్టుమాస్టరుగారి రేడియో తిరిగొచ్చింది. పోయిన వారమే బాగుచేసి ఇచ్చాను. ఒక తీగ అతకాల్సిన చోట కాకుండా పక్కచోట అతుక్కుని ఉంది, అంతే. పద్దెనిమిదేళ్లుగా ఈ బజారులో రేడియోలు బాగుచేస్తున్నాను. నా చేతినుంచి పోయిన సెట్టు మళ్లీ నా బల్లమీదికి రావడం ఇదే మొదలు. ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది, నేనూ రెండు అనేవాణ్ణి.

ఈమధ్య వచ్చే అతుకు సీసంలోనే దమ్ము లేదు. కరెంటు కూడా సన్నగా వస్తోంది.

ఇంటికొస్తే తారాబాయి, "ముఖం గట్లున్నదేంది?" అని అడిగింది. "ఏం లేదు" అన్నాను. ఇరవై రెండేళ్ల కాపురంలో నా భార్యకు నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట అదే అయ్యుంటుంది.

15 సెప్టెంబర్, గురువారం

బల్లమీది అరవై బల్బు తీసేసి వంద బల్బు పెట్టాను. ఇప్పుడు బాగుంది. మెడమీద వేడి కొంచెం ఎక్కువ.

17 సెప్టెంబర్, శనివారం

వంద బల్బూ అంతే. అంతా నకిలీ సరుకు.

20 సెప్టెంబర్, మంగళవారం

పొద్దున మొదటి బస్సుకు భూమవ్వ వచ్చింది. వెంట కోడలు యాదవ్వ, యాదవ్వ చంకలో మూడేళ్ల నర్మద. టేపురికార్డరును దుప్పటిలో చుట్టి భూమవ్వ తన ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. కొడుకు కొమురెల్లి దుబాయినుంచి పంపిన సెట్టు అది. వాడు పోయి నాలుగేళ్లయింది. అక్కడ పెద్ద పెద్ద భవనాలకు పదంతస్తుల ఎత్తున కర్రలమీద నిలబడి పూతపని చేస్తాడు.

భూమవ్వకు చదువు రాదు, యాదవ్వకూ రాదు. వాళ్లనే అనడమెందుకు, ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఉత్తరాలు పోయి క్యాసెట్లు వచ్చాయి. ఊరివాడెవడో సెలవుకు వస్తూ ఒక క్యాసెట్టు తెస్తాడు, పోతూ ఒకటి పట్టుకుపోతాడు. ఈసారి పోయేవాడు కొండల్. అక్టోబరు మూడున ప్రయాణం.

"సారూ, పోరి కింద పడేసింది. పాట వస్తుంది, మాట వస్తుంది. మాట పట్టేటప్పుడు వెలిగే ఎర్రబుగ్గ ఉంటది సూడు, గదొక్కటే వస్తలేదు" అంది భూమవ్వ.

"బుగ్గ లేకుంటేంది అవ్వా? మాట పడుతది గద."

"అగో! ఎర్రబుగ్గ వస్తెనే గద వాడు ఇంటున్నట్టు. గది రాకుంటె ఎవలికి చెప్పాలె, గోడకా? ఎర్రబుగ్గ వచ్చినంకనే మాట్లాడు అవ్వా అని వాడే చెప్పిండు."

వాడు చెప్పింది వేదం. నేను వాదించలేదు. లోపల ఉన్న క్యాసెట్టు నొక్కి చూశాను. "అవ్వా, నేను కొమురెల్లిని మాట్లాడుతున్న. నేను మంచిగున్న. మీరంత మంచిగున్నరని తలుస్త" అని మొదలైంది. కొంచెం బొంగురు గొంతు. మాటకు మాటకు మధ్య గాలి పీల్చుకునే అలవాటు. నర్మద తల్లి చంకలోంచి జారి, వచ్చి డబ్బాకు చెంప ఆనించింది.

"మా బాపుకు దెబ్బ తాకింది" అని నాతో చెప్పింది.

యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గీ డబ్బానే బాపు అంటది సారూ. వాళ్ల బాపు పోయిన అయిదు నెలలకు పుట్టింది" అని, ముఖం బజారువైపు తిప్పుకుంది.

రేపు ఇస్తానన్నాను.

21 సెప్టెంబర్, బుధవారం

సెట్టు విప్పాను. ఎర్రబుగ్గ, అదే ఆ చిన్న ఎర్ర బల్బు, కాలు విరిగింది. నా దగ్గర కొత్తవి అయిపోయాయి. పెద్దపల్లికి ఎవరైనా పోతేగానీ రావు. మూలన పడున్న పాత సెట్టులోంచి ఒకటి ఊడదీశాను. ఊడదీసిన బుగ్గతో చిక్కేమిటంటే దాని రెండు కాళ్లూ కోసేసి సమానంగా ఉంటాయి. ఏది ప్లస్సో, ఏది మైనస్సో కాళ్లు చెప్పవు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ యూసుఫ్ సాబ్ గుర్తొచ్చాడు. ఇవాళ పొద్దంతా ఆయనే గుర్తొస్తున్నాడు.

అరవై తొమ్మిదిలో నేను కరీంనగర్‌లో గుమాస్తాను. తెలంగాణ ఉద్యమం రోజులు, సమ్మెలో ఆఫీసుకు తాళం. ఏమీ తోచక గడియారం స్తంభం దగ్గర ఆయన రేడియో దుకాణం మెట్టుమీద కూర్చునేవాణ్ణి. వార్తల కోసం వెళ్లినవాణ్ణి, వార్తలు అయిపోయినా లేచేవాణ్ణి కాదు. సెట్టు వెనక అట్ట తీస్తే లోపల వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడేవి. ఆ వేడికి దుమ్ము కాలి ఒక వాసన వచ్చేది. ఎంత మంచి వాసన! ఇప్పటి సెట్లకు ఏ వాసనా లేదు. ఆఫీసు తెరిచారు, నేను పోలేదు. "దొరల ఇంట్ల పుట్టి తీగలు అతుకుతవారా?" అని మా బాపు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. మంథనిలో నన్ను రేడియో దొర అని వెక్కిరించారు. వెక్కిరించినవాళ్లే మరుసటి ఏడాది రేడియోలు పట్టుకొచ్చారు.

డెబ్బై తొమ్మిదిలో ఉస్తాద్‌ను చూడటానికి వెళ్తే నా అరచేతిలో శనగగింజంత ఎర్రబుగ్గ పెట్టాడు. అట్లాంటిది చూడటం అదే మొదలు. వెలుగుతుంది, వేడి లేదు. నాకు నచ్చలేదు.

"సూడు భయ్" అన్నాడు. "పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు. కరెంటు ఇందుల ఒక్క దిక్కునుంచే పోతది. ఉల్టా పెడితే కాలిపోదు, సెట్టు ఖరాబు కాదు. ఊకనే కూసుంటది, అంతే."

"కాళ్లు కోసేస్తే?"

"లోపట సూడు. రెండు ముక్కలుంటయి. పెద్దది మైనస్సు, చిన్నది ప్లస్సు. కండ్లు కనవడకుంటె గోరుతోని అంచు తడుము. గుండ్రంగ తిరిగి తిరిగి ఒక్కకాడ సాపుగ తాకుతది. గా దిక్కు కాలే మైనస్సు."

"కండ్లు కనవడనోనికి దుకాణమెందుకు ఉస్తాద్?" అన్నాను. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఉస్తాద్ అందరికీ చాయ్ తెప్పించాడు.

ఇవాళ లోపలి ముక్కలు చూసే అతికించాను. పెద్దది ఇటు, చిన్నది అటు. బటన్లు నొక్కి చూశాను, వెలిగింది. మధ్యాహ్నపు ఎండ కాబట్టి మసకగా కనిపించింది గానీ, వెలిగింది. భూమవ్వ పట్టుకుపోయింది.

24 సెప్టెంబర్, శనివారం

తారాబాయి అడిగింది, అక్షరాలు అంతంత పెద్దగా రాస్తున్నరేంది అని. ఇది మొత్తం చదివిందేమో. లేదు, దూరంనుంచే చూసిందట. దూరంనుంచి కూడా కనిపిస్తున్నాయట.

27 సెప్టెంబర్, మంగళవారం

భూమవ్వ మళ్లీ వచ్చింది. ఒక్కతే వచ్చింది. డబ్బా బల్లమీద పెట్టింది.

"బుగ్గ రాలే సారూ. ఆదివారం నాడు అందరం స్నానాలు జేసి కూసున్నం. బటన్లు ఒత్తితిమి. రాలే. పక్కింటోళ్లు లేసిపోయిండ్రు. మేం అత్తకోడండ్లం జరసేపు ఊకె కూసుండి లేసినం. కొండల్ సోమారమే పోతుండు."

గురువారం రమ్మన్నాను. ఆమె పోయాక, మాట అసలు పడుతోందో లేదో తెలుసుకుందామని లోపలున్న క్యాసెట్టు వెనక్కి తిప్పి నొక్కాను.

మాట పడింది. మొదటినుంచీ చివరిదాకా అంతా పడింది. కోళ్ల చప్పుడు, చేటలో బియ్యం చెరిగే చప్పుడు. తర్వాత యాదవ్వ గొంతు: "అత్తా, బందు జెయ్యాల్నా?" భూమవ్వ గొంతు: "ఉండనీ తియ్యి. ఎట్లైన ఇంటలేడు."

అక్కడ ఆపాల్సింది. ఆపలేదు.

చాలాసేపు చేట చప్పుడే. తర్వాత భూమవ్వ ఎవరితోనూ కానట్టు మాట్లాడింది. విన్నది విన్నట్టు రాసుకుంటున్నాను, నా చెవుల్లోంచి పోవడం లేదు కాబట్టి.

"ఇనకున్న ఒక మాట చెప్త కొడుకా. నాలుగేండ్ల సంది మంచిగున్న మంచిగున్న అని నీకు అబద్ధమే చెప్తున్న. మోకాళ్లు లేస్తలెవ్వు. నీ బిడ్డ గీ డబ్బాను బాపు అంటది, మేం నవ్వుతం, నవ్వినంక నాకు ముద్ద దిగది. నీ మొకం నాకు యాదికస్తలేదురా. గొంతు యాదున్నది, మొకం యాదికస్తలేదు. ఫోటువ సూస్తె ఎవలదో అనిపిస్తది. కన్నతల్లికి గిట్లైతదా? ఎవల్నడగాలె? ఇగ సాలు, రా కొడుకా."

యాదవ్వ ఏడుస్తోంది. భూమవ్వ, "నువ్వూ చెప్పు బిడ్డా. ఇయ్యాల్ల వాడు ఇంటలేడు, నేనూ ఇననట్టే. ఏమన్న చెప్పు" అంది.

యాదవ్వ ఒక్కటే అంది. "నాకు చీరెలద్దు. నువ్వు రా."

తర్వాత టక్కుమని ఆగింది.

సెట్టులో లోపం ఏమీ లేదు. బుగ్గ ఊడదీసి రెండు సెల్లులకు పెట్టాను. ఉల్టా తిప్పి పెడితే వెలిగింది. నేనే ఉల్టా అతికించాను.

28 సెప్టెంబర్, బుధవారం

చెప్పాల్సిన అవసరమేముంది? బుగ్గ తిప్పి అతికిస్తే అయిపోతుంది. వాళ్లు మళ్లీ కూర్చుని మంచిగున్నమని చెప్పుకుంటారు. కొత్త మాట పాత మాటమీద పడి పాతది చెరిగిపోతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదు.

మొన్న ఇరవై ఒకటిన "వెలిగింది" అని రాశాను. నాకు వెలుగు కనిపించలేదు. లోపలి ముక్కలూ కనిపించలేదు. రెండు సెల్లులకు పెట్టి చూడటానికి అర నిమిషం చాలు. చూస్తే నా కళ్లకు కనబడలేదని ఒప్పుకున్నట్టవుతుందని చూడలేదు. నలభై ఆరేళ్లకే కళ్లేమిటి అనుకున్నాను. ఎండాకాలం నుంచీ ఇట్లాగే ఉంది. ఇప్పుడు రాశాను కదా, అయిపోయింది.

29 సెప్టెంబర్, గురువారం

చెప్పాను.

భూమవ్వ వచ్చి బల్ల ముందు కూర్చుంది. "అవ్వా, నీ మాటలన్ని పడ్డయి. బుగ్గ రాకపోవుడు నా తప్పు, ఉల్టా అతికిన. నాకు కండ్లు సరిగ్గ కనవడ్తలెవ్వు. నేను నీ మాటలు ఇన్న కూడ" అని ఒక్క గుక్కలో అనేశాను.

ఆమె ముఖం ఎట్లా ఉందో నాకు సరిగ్గా కనిపించలేదు. అది నా అదృష్టం. "మొత్తం పడ్డదా?" అంది.

"మొత్తం."

"కడిగేయి."

"నీ క్యాసెట్టు, నీ ఇష్టం. జర ఆలోచన జెయ్యి. కొండల్ పోవుడు ఇంకా నాలుగు దినాలున్నది."

కోపం వచ్చింది ఆమెకు. "నీకేం ఎరుక సారూ! వాడు పదంతస్తుల మీద కట్టెల మీద నిలవడ్తడు. నా ఏడుపు ఇని, మనసు ఈడికి గుంజి, కాలు జారితే? కొడుకును పోగొట్టుకుందామని చెప్పాల్నా? తల్లి మంచిగున్నదనుకుంటెనే వాని కాలు నిలుస్తది."

నాకు తోచిందల్లా నా సంగతే.

"నేను గూడ గట్లనే అనుకున్న అవ్వా. చెప్పకుంటె దుకాణం నిలుస్తది అనుకున్న. చెప్పకపోతెనే నా చెయ్యి జారింది."

నేను బుగ్గ చేతికి తీసుకున్నాను. కళ్లు మూసుకుని బొటనవేలి గోరుతో అంచు తడిమాను. గుండ్రంగా, గుండ్రంగా, గుండ్రంగా, ఒకచోట సాపుగా తగిలింది. అటువైపు కాలు మైనస్సు. తడుముకుంటూనే అతికించాను, రెండుసార్లు వేలు కాలింది. బటన్లు నొక్కాను.

"వచ్చింది" అంది భూమవ్వ. నాకు అది శనగగింజలా కనిపించలేదు. తడి గుడ్డమీద పడ్డ కుంకుమలా పరుచుకుని కనిపించింది. అయినా కనిపించింది.

డబ్బాను దుప్పటిలో చుట్టుకుని లేచింది. గడప దగ్గర ఆగింది. "సరే. నేను గీ క్యాసెట్టు గిట్లనే పంపుత. నువ్వేం జేస్తవ్?"

"నేనేం జెయ్యాలె?"

"నీ పెండ్లాంకు చెప్పు కండ్ల సంగతి. నేను దుబాయి దాక చెప్పాల్నట, నువ్వు నీ ఇంట్ల చెప్పలేవా?"

30 సెప్టెంబర్, శుక్రవారం

అన్నం తింటూ చెప్పాను. తారాబాయి చారు పోస్తూనే ఉంది.

"నాకు ఉగాదికే తెల్సు" అంది.

"ఎట్ల తెల్సు?"

"అన్నంల వెంట్రుక వచ్చింది. మీరు కిక్కురుమనకుంట తిన్నరు. గా దినమే నేను దేవుని ముంగట కూసుండి ఏడ్సిన. చెప్తరేమో చెప్తరేమో అని సూస్తున్న."

ఆరు నెలలు ఒకే ఇంట్లో ఇద్దరం దాచుకున్నాం. నాకు సిగ్గేసింది. చారు బాగుందని చెప్పాను, అది కూడా ఎప్పుడూ చెప్పలేదు.

3 అక్టోబర్, సోమవారం

కొండల్ పెద్దపల్లి బస్సెక్కాడు. భూమవ్వ క్యాసెట్టును పసుపు గుడ్డలో కట్టి ఇచ్చింది. బస్సు కదిలాక కూడా, "జరంత పైలం బిడ్డా" అంటూ కొంతదూరం నడిచింది. జాగ్రత్తని కొండల్‌కు చెప్పిందో, క్యాసెట్టుకు చెప్పిందో.

2 నవంబర్, బుధవారం

దుబాయినుంచి కబురు లేదు.

24 నవంబర్, గురువారం

భూమవ్వ బస్టాండులో కలిసింది. "ఏమన్న ఎరుకైందా?" అని ఆమె నన్నడిగింది, నేను ఆమెనడిగాను. ఇద్దరమూ లేదన్నాం. వాడు ఉండే చోటు కొండల్‌కు దొరకలేదో, దొరికి విన్నాడో, విని ఎట్లా ఉన్నాడో. కడిగేయి అని ఆమె అన్నప్పుడే కడిగేయాల్సింది. అంత ఎత్తున నిలబడేవాడికి ఆ మాటలు మోయించడానికి నేనెవణ్ణి? వద్దన్నా ఆ కర్రలే కళ్లముందు కదులుతున్నాయి.

కళ్ల ఆపరేషనుకు చలికాలమే మంచిదట, పుండు తొందరగా మానుతుందట. వచ్చే నెల కరీంనగర్ పోవాలని తారాబాయి నిశ్చయించేసింది. నన్నెవరూ అడగలేదు. పోతాను.

14 డిసెంబర్, బుధవారం. కరీంనగర్

డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలన్నాడు. షుగరు వల్ల తొందరగా వచ్చిందట. ఆదివారం ఒక కంటికి చేస్తాడు.

సాయంత్రం గడియారం దాకా నడిచాం. ఉస్తాద్ దుకాణం లేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. అక్కడిప్పుడు వీడియో క్యాసెట్లు కిరాయికిస్తున్నారు. మెట్టు మాత్రం అదే. కూర్చున్నాను. తారాబాయి కూడా పక్కన కూర్చుంది. కొనేవాళ్లు మమ్మల్ని తప్పుకుని లోపలికి పోతున్నారు.

దుకాణంలో పెద్దమనిషి ఒకాయన ఉస్తాద్‌ను ఎరుగుదునన్నాడు. "ఆఖరి నాలుగైదేండ్లు పాపం ఏం కనవడకపోయేది. అయిన రోజూ వచ్చి అంతా తడుముకుంట చేసేటోడు. ఒక్క సెట్టు వాపస్ రాలే" అన్నాడు.

నాలుగైదేళ్లు. అంటే డెబ్బై తొమ్మిదిలో నా అరచేతిలో బుగ్గ పెట్టి గోరుతో అంచు తడమమన్నప్పుడు, ఆయన తన సంగతే చెబుతున్నాడు. నేను నవ్వాను. నాతోపాటు అందరూ నవ్వారు. ఆయన చాయ్ తెప్పించాడు.

మాఫ్ చెయ్యి ఉస్తాద్.

31 డిసెంబర్, శనివారం. మంథని

తారాబాయి చూడకుండా రాస్తున్నాను. ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక. గీతమీద రాస్తున్నానో లేదో తెలియదు. డైరీకి ఇది చివరి పేజీ, ఇవాళ రాయకుండా ఉండలేను.

పొద్దున దుకాణం తెరిపించుకుని ఊరికే కూర్చున్నాను. ఎవరో వచ్చి గడపలో నిలబడ్డారు. ఎవరో మగమనిషి, అంతవరకే తెలిసింది.

"సారూ, మీతోని జర పనివడ్డది" అన్నాడు.

కొంచెం బొంగురు గొంతు. మాటకు మాటకు మధ్య గాలి పీల్చుకునే అలవాటు.

"కొమురెల్లీ!" అన్నాను. "ఎప్పుడొచ్చినవ్? కాళ్లు చేతులు మంచిగున్నయా?"

"మంచిగున్నయి సారూ. నన్నెన్నడు సూడకపోతిరి, ఎట్ల పట్టిండ్రు?"

వచ్చి మూడు రోజులైందట. క్యాసెట్టు విన్న రోజునే సెలవు అడిగాడట, సేటు కాగితాలు ఇచ్చేసరికి రెండు నెలలు పట్టింది. కబురు చెప్పిస్తే అవ్వ ఎదురుచూసి ఎదురుచూసి చిక్కిపోతుందని చెప్పించలేదట. తల్లికి తగ్గ కొడుకు. వెనకాల భూమవ్వ, యాదవ్వ కూడా ఉన్నారు. నర్మద ఏడుస్తోంది. డబ్బాను కరుచుకుని ఉందట.

"బిడ్డ నా దగ్గరికి వస్తలేదు సారూ" అన్నాడు కొమురెల్లి. "నన్ను సూస్తెనే ఏడుస్తది. డబ్బా ఇడిసిపెడ్తలేదు. 'గీయన అద్దు, మా బాపు గీడున్నడు' అంటది. మీరేమన్న చెప్తరేమో అని అవ్వ తోల్కచ్చింది."

టేపురికార్డర్లు బాగుచేసేవాణ్ణి, పిల్లలకు తండ్రిని ఎట్లా చూపించాలో నాకేం తెలుసు? తెలిసింది ఒక్కటే. నర్మదను, డబ్బాను కలిపి బల్లమీద కూర్చోబెట్టాను. నా కట్టు చూసి ఏడుపు ఆపింది.

"నీ కన్నుకు దెబ్బ తాకిందా?" అంది.

"అవు బిడ్డా. నాకు కనవడది. నువ్వు గూడ నా లెక్క కండ్లు మూసుకో."

మూసుకుంది. కొమురెల్లిని దగ్గరికి రమ్మని సైగ చేశాను. "క్యాసెట్టుల ఎట్ల మొదలు వెడ్తవో గట్లనే చెప్పు" అన్నాను.

వాడు గాలి పీల్చుకుని అన్నాడు. "అవ్వా, నేను కొమురెల్లిని మాట్లాడుతున్న. నేను మంచిగున్న. మీరంత మంచిగున్నరని తలుస్త."

నర్మద కళ్లు తెరవలేదట. చేయి చాపి గాలిలో వెతికిందట. వాడి మీసం తగిలిందట, చెవి తగిలిందట, ముక్కు పట్టుకుందట. ఇదంతా తర్వాత యాదవ్వ చెబితే తెలిసింది. నాకు వినిపించింది మాత్రం ఒక్కటే, "బాపూ" అని చాలా చిన్నగా.

భూమవ్వ కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "గీ మొకమే. గిదే. ఎట్ల మరిసినర్రా నేను" అంది. నా కంట్లో నీళ్లు రాకూడదని డాక్టరు చెప్పాడు. డాక్టరుకేం, చెబుతాడు.

పన్నెండు గంటల బస్సు హారను వినిపిస్తే అందరూ ఒక్కసారి ఉరికారు. నర్మద తండ్రి భుజంమీద ఉంది.

డబ్బా నా బల్లమీదే ఉండిపోయింది. గుర్తొచ్చి వస్తారులే అని సాయంత్రం దాకా దుకాణం మూయకుండా కూర్చున్నాను. దానికోసం ఎవరూ రాలేదు.